మైకేల్ మధుసూదన్ దత్తును తెలుగు చెవితో చదవడం ఎలా

1849లో మద్రాసు నుంచి బెంగాలీ కవి మధుసూదన్ దత్తు తన కాలేజీ దోస్తు గౌరదాస్ బసాక్‌కు ఒక ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన వయసు 25. తన రోజు ఎట్లా గడుస్తుందో అందులో టైంటేబుల్ వేసి మరీ చెప్పాడు. పొద్దున 6 నుంచి 8 దాకా హీబ్రూ, 8 నుంచి 12 దాకా బడిలో పాఠాలు చెప్పడం, 12 నుంచి 2 దాకా గ్రీకు, 2 నుంచి 5 దాకా తెలుగు, సంస్కృతం, 5 నుంచి 7 దాకా లాటిన్, రాత్రి 7 నుంచి 10 దాకా ఇంగ్లీషు. మా పెద్దల భాషకు సొగసు తేవడానికే కదా ఈ తయారీ అంతా, అని గౌరదాస్‌నే అడిగాడు.

మద్రాసు ఎండలో, మధ్యాహ్నం పూట, ఒక బెంగాలీ మనిషి తెలుగు పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాడని తెలిసినప్పటి నుంచి నాకు ఆయన పరాయివాడు అనిపించలేదు. ఆయన మన భాషకు రోజూ టైమ్ ఇచ్చాడు, మనం ఆయనకు ఓ ఆరేడు ఆదివారాలు ఇవ్వగలం. బెంగాలీ రాకపోయినా ఆయన్ను చదవొచ్చు, అదీ అనువాదం ఒక్కటే పట్టుకుని కాదు, అసలు పాదాల చప్పుడు వింటూ. అది ఎట్లాగో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మేము ఐదుగురం హనుమకొండ వాళ్ళం, ఆదివారం పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి, ఎండ ఎక్కేదాకా ఒకచోట కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాం. మధుసూదన్‌ను మొదటిసారి పట్టుకున్నప్పుడు తిన్నగా మేఘనాదవధ కావ్యం (రావణుడి కొడుకు ఇంద్రజిత్తు చావు కథ) మొదటి సర్గకే పోయాం, అదీ ఇంగ్లీషులో. మూడో వారానికి ఇద్దరమే మిగిలాం. తర్వాత వరుస మార్చి మళ్ళీ మొదలుపెడితే ఐదుగురూ చివరిదాకా కూర్చున్నారు, కాబట్టి నేను చెప్పేది ఆ రెండోసారి వరుస.

ముందు ఆయన జీవితం తెలుసుకోండి, కానీ ఒక్క కాగితంలో పట్టేంత చాలు. 1824 జనవరి 25న జెస్సోర్ జిల్లా సాగర్‌దాఁడిలో, కపోతాక్ష నది ఒడ్డున పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి రాజనారాయణ దత్తు కలకత్తాలో పేరున్న వకీలు, తల్లి జాహ్నవీ దేవి. హిందూ కాలేజీలో చదువుతూ ఇంగ్లీషు కవి కావాలని, ఎట్లాగైనా ఇంగ్లండు పోవాలని కలలు కన్నాడు. 1843 ఫిబ్రవరి 9న క్రైస్తవం తీసుకున్నాడు, మైకేల్ అన్న పేరు అట్లా వచ్చింది. హిందూ కాలేజీ వదలాల్సి వచ్చింది, బిషప్స్ కాలేజీలో చేరి గ్రీకు, లాటిన్ నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు తండ్రి పైసలు పంపడం ఆపేశాడు, 1848లో మద్రాసు వచ్చి అనాథ పిల్లల బడిలో టీచరుగా చేరాడు. అక్కడే 1849లో ఇంగ్లీషులో 'క్యాప్టివ్ లేడీ' అచ్చువేశాడు. ఆ పుస్తకం చూసిన బెథ్యూన్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి, ఈ తెలివి సొంత భాషలో పెడితే మేలు అని గౌరదాస్ ద్వారా కబురు పంపాడు. అమ్మానాన్న ఇద్దరూ పోయాక 1856లో కలకత్తా తిరిగొచ్చి పోలీసు కోర్టులో గుమాస్తాగా చేరాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1859 నుంచి 1862 దాకా, ఆ మూడు నాలుగేళ్ళలోనే, యయాతి కథ మీద శర్మిష్ఠ నాటకం, రెండు ప్రహసనాలు, పద్మావతి, తిలోత్తమాసంభవం, మేఘనాదవధ, వ్రజాంగన, కృష్ణకుమారి, వీరాంగన, అన్నీ వచ్చాయి. అంతకుముందు బెంగాలీలో చెప్పుకోదగ్గ పుస్తకమేదీ రాయని మనిషి! 1862 జూన్‌లో బారిస్టరు చదువుకు ఓడెక్కాక ఆ వరద ఆగిపోయింది. కాగితం మీద ఆ నాలుగు సంవత్సరాల చుట్టూ సున్నా చుట్టండి.

అప్పులు, తాగుడు, ఆస్పత్రిలో చావు, వీటితో మాత్రం మొదలుపెట్టకండి. ఆయన గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు, విన్నవాళ్ళకు జాలి మిగులుతుంది తప్ప ఒక్క పాదం కూడా గుర్తుండదు.

రెండో వారం సానెట్, అంటే పద్నాలుగు పాదాల చిన్న కవిత, చదవండి. అసలు బెంగాలీ పాఠాలకు కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో దొరుకుతాయి, బెంగాలీ లిపిని తెలుగు లిపిలోకి మార్చే ఉచిత టూల్స్ కూడా ఉన్నాయి. లిపి మార్చుకోండి గానీ ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కకండి. ఇది పాతకాలపు గ్రాంథిక బెంగాలీ, ఆ బటన్ దీన్ని ఏదో ఒకటి చేసేస్తుంది. అర్థం కోసం ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకోండి. మేఘనాదవధకు క్లింటన్ సీలీది 2004లో, విలియం రాడిచేది 2010లో వచ్చాయి, ఏదైనా పరవాలేదు. పలకడం గురించి మూడు సంగతులు గుర్తుంటే చాలు: రాసిన 'అ' చాలాచోట్ల 'ఒ' లాగా వినిపిస్తుంది, 'వ' అంతా 'బ' అవుతుంది, మాట మొదట్లో 'య' వస్తే 'జ' అంటారు. నేను కింద ఇచ్చినవి రాసిన తీరుకు దగ్గరగా ఉంచాను, అప్పుడే మన కంటికి మాటలు దొరుకుతాయి.

ఇదిగో, ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో కూర్చుని తన ఊరి నదిని తలుచుకున్న సానెట్ మొదలు:

సతత, హే నద, తుమి పడ మోర మనే!

ఎప్పుడూ, ఓ నదమా, నువ్వే నా మనసులో మెదులుతావు, అంటున్నాడు. ఇంకో నాలుగు పాదాలు పోయాక:

బహు దేశే దేఖియాఛి బహు నద దలే,
కింతు ఏ స్నేహేర తృష్ణా మిటే కార జలే?

మీకు ఇందులో తెలియని మాటలు రెండో మూడో. చాలా దేశాల్లో చాలా నదులు చూశాను, కానీ ఈ స్నేహపు దాహం ఎవరి నీళ్ళతో తీరుతుంది? ఆ రోజుల్లో ఆయన దగ్గర కిరాయికీ తిండికీ డబ్బుల్లేవు, కలకత్తా నుంచి రావాల్సిన సొమ్ము రాలేదు, భార్య హెన్రియెట్టా, పిల్లలు వెంట ఉన్నారు. 1864లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్‌కు ఉత్తరాలు రాస్తే ఆయన అప్పుచేసి మరీ పంపి ఆదుకున్నాడు. నేను ఈ రెండు పాదాలూ మస్కట్‌లో ఉన్న మా పెద్దనాన్న కొడుక్కి ఫోన్లో చదివి అర్థం చెప్పాను. వాడిది జగిత్యాల దగ్గర ఊరు, పోయి తొమ్మిదేళ్ళయింది. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అన్నా, మన వాగుకు ఈసారి నీళ్ళొచ్చినయా" అని అడిగాడు. ఆ సానెట్‌కు అంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు ఎక్కడా దొరకలేదు.

సొంత భాష మీద రాసిన సానెట్ కూడా అదే రోజు చదవండి. నీ భాండారంలో ఎన్నో రత్నాలుండగా పరాయి సొమ్ము మీద ఆశతో దేశాలు తిరిగాను, అని మొదలై, "మాతృభాషా రూపే ఖని, పూర్ణ మణిజాలే" అని ముగుస్తుంది. మాతృభాష అనే ఖని, నిండా మణులే. గోదావరిఖని వైపు వాళ్ళకు ఆ మాట కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలున్న ఇంట్లో ఈ సానెట్ గట్టిగా చదవండి, ఊరికే వినిపించినా చాలు.

మూడో వారానికి వీరాంగన కావ్యం తీసుకోండి. 1862లో వచ్చింది. పురాణాల్లోని 11 మంది ఆడవాళ్ళు తమ భర్తలకో ప్రియులకో రాసిన ఉత్తరాలు ఇవి, రోమన్ కవి ఓవిడ్ పద్ధతిలో కట్టాడు. శకుంతల దుష్యంతుడికి, ద్రౌపది అర్జునుడికి, శూర్పణఖ లక్ష్మణుడికి, దుస్సల జయద్రథుడికి, ఇట్లా. మన వరంగల్ వాళ్ళు రుక్మిణి ఉత్తరంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే బమ్మెర పోతన రాసిన రుక్మిణి సందేశం ఇక్కడ చాలామందికి నోటికొచ్చు. ఒకరు పోతన పద్యాలు చదవండి, ఇంకొకరు మధుసూదన్ ఉత్తరం చదవండి. పోతన రుక్మిణి కబురు అగ్నిద్యోతనుడు అనే బ్రాహ్మణుడు మోసుకుపోతాడు, ఇక్కడ ఆమే కాగితం ముందు కూర్చుంది. ఆ తేడా ఒక్కటే పట్టుకుని మేము గంట మాట్లాడుకున్నాం.

కానీ నాకు అన్నింట్లో ఇష్టమైంది కైక ఉత్తరం. "ఏ కి కథా శుని ఆజ మంథరార ముఖే, రఘురాజ?" అని మొదలవుతుంది, మంథర నోట ఈ రోజు ఇదేం మాట వింటున్నాను రఘురాజా, అని. ఇచ్చిన మాట తప్పినందుకు ఆమె దశరథుణ్ణి నిలదీస్తుంది, మధ్యమధ్య ఒకే పాదం సమ్మెట దెబ్బలాగా మళ్ళీ మళ్ళీ పడుతుంది: "పరమ అధర్మాచారి రఘుకులపతి!" చిలకను, గోరింకను పెంచి, ఆ ముక్క నేర్పించి, అడవిలోకి వదిలిపెడతానంటుంది. చిన్నప్పటి నుంచీ కైకను తిట్టడమే విన్నాం, ఆమె కోపాన్ని ఆమె వైపు నుంచి వినడం ఇదే మొదటిసారి అని మా గుంపులో ఒక అక్క అంది.

ఇప్పుడు ఛందస్సు. దీన్ని దాటేస్తే ఆయన చేసిన పని సగం తెలియకుండానే పోతుంది, కాబట్టి ఒక వారం పూర్తిగా దీనికే ఇవ్వండి.

మనకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆయన గొప్పతనం గురించి ఎక్కడ చదివినా, అంత్యప్రాస తీసేశాడు, వాక్యాన్ని పాదం దాటించాడు అని ఉంటుంది. తెలుగువాడికి ఇందులో గొప్పేముందో అర్థం కాదు. మన వృత్తాల్లో పాదం చివర ప్రాస అక్కర్లేదు, మాట సగం ఈ పాదంలో, సగం తర్వాతి పాదంలో పడటం మామూలే. అందుకని ఉత్పలమాల, చంపకమాల పక్కన పెట్టి ద్విపద గుర్తు చేసుకోండి. పాలకుర్తి సోమన బసవపురాణం రాసింది ద్విపదలో, బమ్మెర ఉన్నది కూడా ఆ పాలకుర్తి మండలంలోనే. ద్విపదకు పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, రెండు పాదాలకూ రెండో అక్షరం ప్రాస, మాట దాదాపుగా ఆ జంటలోనే ముగుస్తుంది. బెంగాలీ వాళ్ళ పయార్ కూడా అట్లాంటి జంటే. పాదానికి 14 అక్షరాలు, 8 దగ్గర ఊపిరి, మిగతా 6, రెండు పాదాల చివర్లూ కలిసే ప్రాస, జంటతో పాటే భావం కూడా అయిపోవాలి. వాళ్ళ కృత్తివాస రామాయణం వందల ఏళ్ళుగా ఊరూరా ఆ నడకలోనే పాడారు.

మధుసూదన్ ఆ 14 అక్షరాలను ముట్టుకోలేదు, ప్రాస తీసేశాడు. మనకు ప్రాస లేని ద్విపద ఉంది కదా, మంజరి, అక్కడిదాకా వచ్చాడనుకోండి. ఆ తర్వాత చేసిందే అసలు పని: వాక్యం ఎక్కడ ఆగాలో పాదాన్ని అడగడం మానేశాడు. బెంగాలీలో ఇది కుదరదు అని జతీంద్రమోహన్ ఠాకూర్ అంటే, కుదురుతుంది అని పంతం పట్టి 1860లో తిలోత్తమాసంభవం రాసి చూపించాడు. వాళ్ళు దీన్ని అమిత్రాక్షర ఛందస్సు అంటారు.

పెన్సిలు తీసుకోండి. 1861లో వచ్చిన మేఘనాదవధ మొదలు ఇది:

సమ్ముఖ సమరే పడి, వీర చూడామణి
వీరబాహు, చలి యబే గేలా యమపురే
అకాలే, కహ, హే దేవి అమృతభాషిణి,
కోన్ వీరవరే వరి సేనాపతి పదే,
పాఠాఇలా రణే పునః రక్షఃకులనిధి
రాఘవారి? కి కౌశలే, రాక్షస భరసా

అర్థం ముందు. ఎదురు యుద్ధంలో పడి రావణుడి కొడుకు వీరబాహువు అకాలంగా యమపురికి పోయినప్పుడు, రాఘవుడి శత్రువైన రావణుడు ఏ వీరుణ్ణి సేనాపతిగా చేసి మళ్ళీ యుద్ధానికి పంపాడో చెప్పు తల్లీ, అని వాగ్దేవిని అడుగుతున్నాడు. ఇప్పుడు ఎక్కడ ఊపిరి ఆగుతుందో అక్కడ గీత పెట్టండి. వీర చూడామణి అని పాదం అయిపోతుంది, ఎవరా వీరుడు అంటే పేరు కింద పాదంలో పడింది. యమపురికి పోయాడు అని రెండో పాదం అయిపోయిందనుకుంటాం, 'అకాలే' అన్న మాట జారి మూడో పాదం మొదట్లో ఒంటరిగా పడింది. కొడుకు చావులో అసలు దెబ్బ ఆ మాటే, దాన్ని తెచ్చి మనం ఆగక తప్పని చోట పెట్టాడు. ప్రశ్న ఎక్కడ ముగిసింది? ఆరో పాదం మధ్యలో, రాఘవారి దగ్గర. అక్కడే రెండో ప్రశ్న మొదలు. 'భరసా' అంటే మనం రోజూ అనే భరోసానే, రాక్షసుల భరోసా మేఘనాదుడు.

ఈ ఆరు పాదాలూ ముందు పయార్ లాగా, పాదం పాదానికీ ఆగి చదవండి. తర్వాత గీతలు పెట్టిన చోట మాత్రమే ఆగి చదవండి. తేడా నోటికే తెలుస్తుంది, ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక కావ్యం. తొమ్మిది సర్గలు, జరిగేది మూడు పగళ్ళు, రెండు రాత్రుల కథ. వరుసగా చదవకండి, నాలుగో సర్గతో మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను. మా గుంపులో ఒక రిటైర్డ్ తెలుగు సారు ఉన్నారు, రోజూ రామాయణం పారాయణ చేస్తారు. రాముణ్ణి తగ్గించి రావణుణ్ణి ఎత్తినవాడి పుస్తకం నేనెందుకు ముట్టుకోవాలి అన్నారు. అది తీసిపారేసే మాట కాదు. తన మనసు రాక్షసుల వైపే ఉందని, రావణుడి తలంపే తన ఊహను రగిలిస్తుందని మధుసూదనే దోస్తు రాజనారాయణ బసుకు రాశాడు, దాచుకోలేదు. నేను వాదించలేదు, "సార్, ఒక్క నాలుగో సర్గ వినండి, నచ్చకపోతే ఆపేద్దాం" అన్నాను. అశోకవనంలో సీత, విభీషణుడి భార్య సరమతో తన పాత రోజులు చెప్పుకునే సర్గ అది:

ఛిను మోరా, సులోచనే, గోదావరీ తీరే,
కపోత కపోతీ యథా ఉచ్చ వృక్ష చూడే
బాఁధి నీడ, థాకే సుఖే

మేము గోదావరి ఒడ్డున ఉండేవాళ్ళం, ఎత్తైన చెట్టు కొమ్మన గూడు కట్టుకుని పావురాల జంట సుఖంగా ఉన్నట్టు. సారు దాన్ని రెండోసారి చదవమన్నారు. మన పక్కన పారే నదే కదా, లంకలో చెరలో ఉన్న సీత నోట ఆ పేరు వినగానే ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. సీతను ఇంత ప్రేమగా రాసినవాణ్ణి ఒక్క ముక్కతో కొట్టేయడం కుదరదని అప్పుడు అందరికీ తెలిసింది. వాదన ఆగలేదు, ఇప్పటికీ నడుస్తోంది, కానీ చదివి వాదిస్తున్నాం.

ఆ తర్వాత మొదటి సర్గకు రండి, వీరబాహువు తల్లి చిత్రాంగద నిండు సభలో రావణుణ్ణి తప్పుపట్టే చోట నెమ్మదిగా పోండి. మూడో సర్గలో మేఘనాదుడి భార్య ఆడసైన్యంతో రాముడి శిబిరం మీదుగానే లంకలోకి పోతుంది. మనం సులోచనగా విన్న ఆవిడే ఇక్కడ ప్రమీల, ప్రమీలార్జునీయంలో ప్రమీలతో కలపకండి. పైన సీత 'సులోచనే' అన్నది సరమను, మంచి కళ్ళున్నదానా అని, అంతే. రెండో సర్గలో దేవతల మంతనాలు మాకు సాగలేదు, తొందరగా తిప్పేశాం. ఐదో సర్గ మాత్రం మేము కట్ట మీదే చదివాం, ఎందుకంటే లక్ష్మణుడు అడవిలో ఒక చెరువులో స్నానం చేసి, ఆ ఒడ్డునే ఉన్న చండీ గుడిలో పూజ చేయాలి. చెరువు, ఒడ్డున అమ్మవారి గుడి, మా కళ్ళముందు భద్రకాళి.

ఆరో సర్గకు పూర్తిగా ఒక పొద్దు కేటాయించండి. నికుంభిల యాగశాలలో మేఘనాదుడు ఒంటరిగా, ఆయుధం లేకుండా పూజలో ఉంటాడు, మాయ చాటున లక్ష్మణుడు లోపలికొస్తాడు. ఆయుధం తెచ్చుకోనివ్వు అంటే ఒప్పుకోడు. చేతికి దొరికిన శంఖం, గంట, పూజపాత్రలు మేఘనాదుడు ఒక్కొక్కటే విసురుతాడు. మాయాదేవి వాటిని పక్కకు తోసేస్తుంది, ఎట్లా అంటే, నిద్రపోతున్న పిల్లాడి మీద వాలే దోమల్ని తల్లి చేత్తో తోలినట్టు. హోమర్ దగ్గర నేర్చిన పోలిక అది, చదివితే మాత్రం మన ఇంట్లో ఎండాకాలం రాత్రిలా ఉంటుంది. ఆ నెత్తుటి ఘట్టంలో అంత మెత్తని మాట పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో!

దీనికి ముందే, తలుపుకు అడ్డంగా నిలబడ్డ విభీషణుణ్ణి మేఘనాదుడు చూస్తాడు. "నిజ గృహ పథ, తాత, దేఖాఓ తస్కరే?" సొంతింటి దారి దొంగకు చూపిస్తావా, అని. ఇక్కడ 'తాత' అంటే మన తాత కాదు, తండ్రి వరస పెద్దల్ని పిలిచే సంస్కృతపు మాట. నేను చదివేటప్పుడు 'కాకా' అని మార్చి చదివాను, మన ఇళ్ళల్లో నాన్న తమ్ముణ్ణి పిలిచినట్టు. ఒక్కసారిగా అది పురాణం కాదు, పాలోళ్ళ మధ్య జరిగిన ద్రోహం అయిపోయింది.

ఏడు, ఎనిమిది అయ్యాక తొమ్మిదో సర్గ ఒకే ఊపున చదవండి, మధ్యలో చర్చ పెట్టకండి. ఏడు రోజులు యుద్ధం ఆపమని రావణుడు అడుగుతాడు, రాముడు ఒప్పుకుంటాడు. సముద్రం ఒడ్డున చితి, ప్రమీల కూడా దాని మీదికి ఎక్కుతుంది. చివరి పాదంలో లంక ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఏడుస్తుంది.

ఎప్పుడైనా కోల్‌కతా పోతే లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో ఆయన సమాధి చూడండి. 1873 జూన్ 26న హెన్రియెట్టా పోయింది, మూడు రోజులకు, 29న, ఆయన. సమాధి మీద పాదాలు ఆయన ముందే రాసుకున్నవి. అవి కూడా అమిత్రాక్షరమే, కాబట్టి పెన్సిలు గీతలు గుర్తుంచుకుని గట్టిగా చదవండి:

దాఁడాఓ, పథికవర, జన్మ యది తవ
వంగే! తిష్ఠ క్షణకాల!

నిలబడు బాటసారీ, నీ పుట్టుక గనక, అని మొదటి పాదం నిలవకుండా కిందికి జారుతుంది. వంగదేశంలోనైతే, అన్న మాట రెండో పాదం మొదట్లో పడుతుంది. ఆ వెంటనే, ఒక్క క్షణం ఆగు అంటాడు, సరిగ్గా పాదం మధ్యలో, చదివేవాడి ఊపిరి కూడా ఆగే చోట.